సొలారిస్ 8లో లేని సెట్‌ఎన్వ్: నా అనుభవం

చిత్తూరు దగ్గరి ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాటా లెక్కలు నేటికీ సన్ కంపెనీ వారి ఒక పాత కంప్యూటరు మిషన్ మీద, సొలారిస్ 8 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే నడుస్తున్నాయి. గేటు బయట తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరి ఉండగా, చీటీలు ముద్రించే కొత్త ప్రోగ్రామును అందులో కంపైల్ చేసే (మిషన్ నడపగల రూపంలోకి మార్చే) పని నాకు అప్పగించారు. నాకన్నా ముందు వచ్చిన డీలరు, మిషన్ మార్చనిదే ఏదీ కుదరదని చెప్పి కొటేషన్ ఇచ్చి వెళ్లాడట. ప్రోగ్రాముకు లైబ్రరీలను జతచేసే లింకరు చూపిన తప్పులను ఆయన చివరిదాకా చదివి ఉండడని నా గట్టి నమ్మకం.

నెట్‌వర్క్ పనులకు వాడే సాకెట్ ఫంక్షన్లు కనబడలేదన్న తప్పు, లింకు వరుస చివర సాకెట్, ఎన్‌ఎస్‌ఎల్ లైబ్రరీలను చేర్చగానే పోయింది. సొలారిస్ 8లో అవి లిబ్‌సీ అనే సీ భాష ప్రధాన లైబ్రరీలో కాక విడిగా ఉంటాయి.

మిగిలింది సెట్‌ఎన్వ్ ఒక్కటే; ప్రోగ్రాము ఎన్విరాన్‌మెంట్‌లో, అంటే అది పిలిచే కమాండులకు కూడా అందే వేరియబుల్స్ జాబితాలో, ఒక పేరుకు విలువ పెట్టే ఫంక్షన్ అది. లైబ్రరీలోని పేర్లు చూపే ఎన్‌ఎమ్ కమాండుతో లిబ్‌సీ అంతా వెతికినా దాని పేరు లేదు. 2005లో వచ్చిన సొలారిస్ 10 దాకా అది అందులో చేరనే లేదు. అలాంటి పనే చేసే పుట్‌ఎన్వ్ మాత్రం ఉంది కనుక, పేరును, విలువను ఒక అరేలో (అక్షరాలు దాచే వరుసలో) సమానం గుర్తుతో కలిపి దానికి అందించే ఏడెనిమిది లైన్ల ఫంక్షన్ రాసి, చిన్న పరీక్షలో నెగ్గగానే గర్వంగా టీ తాగడానికి వెళ్లాను.

నేను తిరిగి వచ్చేసరికి కాటా దగ్గర గొడవగా ఉంది. ఎల్‌పీడెస్ట్ అనే వేరియబుల్‌లో కాటా ప్రింటరు పేరు పెట్టి ముద్రించే ఎల్‌పీ కమాండును పిలిచే ఆ ప్రోగ్రాము, కొన్ని చీటీలను అక్కడే ముద్రించి, కొన్నింటిని యజమాని గదిలోని డిఫాల్ట్ ప్రింటరుకు పంపుతోంది. కేబుల్ మార్చాను, ప్రింటరు క్యూ ఖాళీ చేయించాను, చివరికి కాటా గుమాస్తాను కూడా విసుక్కున్నాను. రెండు గంటలు గడిచాక, తిరుపతి నుంచి శిక్షణకు వచ్చిన, ఆ ఉదయమే ఆలస్యమైందని నేను మందలించిన అమ్మాయి, స్క్రీన్ వైపు చూసి, "సార్, ఈ అరే ఫంక్షన్ లోపలిదే కదా, బయటికి రాగానే పోదా?" అని మెల్లగా అడిగింది.

పుట్‌ఎన్వ్ మనమిచ్చిన అక్షరాలను కాపీ చేసుకోదు, ఆ చోటునే ఎన్విరాన్‌మెంట్‌లో ఉంచుకుంటుంది. ఫంక్షన్ ముగిశాక అరే ఉన్న ఆ స్టాక్ స్థలంలోకి (ఫంక్షన్ నడుస్తున్నంతసేపే దానికి దక్కే మెమరీలోకి) వేరే విలువలు వస్తే ప్రింటరు పేరు మాయమవుతుంది, చెరగకపోతే చీటీ సరిగ్గానే వస్తుంది. ఇరవై ఏళ్లుగా సీ రాస్తున్నవాణ్ణి, మ్యానువల్ పేజీలోనే ఉన్న ఈ హెచ్చరికను నేను చదవలేదు. "నువ్వు చెప్పిందే నిజమమ్మా" అనడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

ఫంక్షన్ ముగిసినా నిలిచే మెమరీని ఇచ్చే మాలక్‌తో తీసుకున్న చోటులో పేరును, విలువను రాసి, దాన్ని ఫ్రీ చేయకుండా పుట్‌ఎన్వ్‌కు ఇచ్చేలా మార్చాను. ప్రింటరు పేరు ప్రోగ్రాము మొదలైనప్పుడు ఒక్కసారే పెడతాము కనుక ఆ కొద్దిపాటి మెమరీ గురించి నేను పట్టించుకోలేదు. తరువాత వచ్చిన ట్రాక్టరు చీటీ కాటా దగ్గరే పడింది. సాయంత్రం యజమాని తన గదిలో పోగైన చీటీల కట్టను నా చేతిలో పెట్టి, ఒక్క మాటైనా అనకుండా వెళ్లిపోయారు.