ఎండీ ఒక్కటేనా, పీహెచ్‌డీ కూడానా: నేను తేల్చుకున్న తీరు

అమెరికాలో మెడికల్ స్కూల్లో చేరిన ఆరు నెలలకు మా ఎండీ-పీహెచ్‌డీ ప్రోగ్రామ్ నుంచి మెయిల్ వచ్చింది. ఇక్కడ ఎండీ అంటే మన ఎంబీబీఎస్ లాంటి మొదటి డాక్టరీ డిగ్రీ. ఎండీ మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లు కూడా అప్లై చేసుకోవచ్చు, రెండు సీట్లున్నాయి అని. ఆ సంగతి ఇంట్లో మాటవరసకి అన్నాను. అనకుండా ఉండాల్సింది. వారం తిరిగేసరికి నాన్న చుట్టాలందరికీ ఫోన్లు చేసి, మా అమ్మాయి డబుల్ డాక్టర్ అవుతోందని చెప్పేశాడు.

అమెరికాలో ఈ జంట చదువు చాలాచోట్ల ఒకే పద్ధతిలో నడుస్తుంది. మొదటి రెండేళ్లు అందరితో కలిసి మెడిసిన్ పాఠాలు. తర్వాత తోటివాళ్లు వార్డులకు వెళ్తే మనం ల్యాబ్‌కి వెళ్తాం. అక్కడ నాలుగేళ్లో, ఇంకాస్త ఎక్కువో గడిపి, థీసిస్ ముగించుకుని మళ్లీ ఆసుపత్రికొచ్చి మిగిలిన రెండేళ్లు పూర్తి చేయాలి. మొత్తం ఎనిమిదేళ్ల మాట. స్పెషలిస్టు కావడానికి ఆసుపత్రిలో చేసే శిక్షణ, అంటే రెసిడెన్సీ, ఫెలోషిప్ ఆ తర్వాతే. ఇలాంటి ప్రోగ్రాముల్లో కొన్నింటికి అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ 1964 నుంచి డబ్బిస్తోంది. వాటినే ఎంఎస్‌టీపీ అంటారు. ఫీజు ఉండదు, పైగా స్టైపెండ్ ఇస్తారు. ఎన్‌ఐహెచ్ లెక్క ప్రకారం 2024లో అది ఏడాదికి 28,224 డాలర్లు. చాలా స్కూళ్లు దానికి తమవంతు కొంత కలుపుతాయి. అయితే ఆ ఎన్‌ఐహెచ్ డబ్బు పౌరులకూ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకే. మాకు కార్డు నేను డిగ్రీలో ఉండగానే వచ్చింది కాబట్టి నాకు ఇబ్బంది లేదు. వీసా మీదున్నవాళ్లు మాత్రం సొంత నిధులతో తీసుకునే స్కూళ్లను వెతుక్కోవాలి.

నిజం చెప్పాలంటే నన్ను మొదట లాగింది ఆ ఫీజు లేదన్న మాటే. ఇక్కడ అప్పు చేసి మెడిసిన్ చదివినవాళ్లు బయటికొచ్చేసరికి సగానికి సగం మంది మీద రెండు లక్షల డాలర్లో అంతకుమించో ఉంటోంది. ఆ అంకె తలుచుకుంటే నాకు నిద్ర పట్టేది కాదు. ప్రోగ్రామ్ డైరెక్టర్‌ని కలిసినప్పుడు ఆయన అడక్కముందే చెప్పారు: "ఫీజు కోసమైతే రావద్దు. లెక్క కుదరదు." ఇంటికొచ్చి కాగితం మీద వేసి చూశాను. నేను పోగొట్టుకునేది నాలుగేళ్ల జీతం అనుకున్నాను కానీ ఏ నాలుగేళ్లదో ఆలోచించలేదు. సంపాదన నాలుగేళ్లు ఆలస్యంగా మొదలవుతుంది, రిటైరయ్యే వయసు మాత్రం అదే. అంటే పోయేవి బాగా సంపాదించే చివరి నాలుగేళ్లు. పైగా ఎండీ ఒక్కటే చేసి పరిశోధనలోకి వెళ్లినవాళ్లకు కూడా ఎన్‌ఐహెచ్ చదువు అప్పు తీరుస్తుంది. ఎంపికైతే ఏడాదికి 50,000 డాలర్ల వరకు. దాంతో డబ్బు సంగతి పక్కకు పోయింది. పోయాక చూస్తే నా దగ్గర వేరే కారణం పెద్దగా మిగల్లేదు. అప్పుడు మొదలైంది అసలు టెన్షన్.

పరిశోధన చేయాలంటే పీహెచ్‌డీ తప్పనిసరి అనుకునేదాన్ని. కాదట. కొలెస్టరాల్ మీద పనిచేసి 1985లో నోబెల్ అందుకున్న బ్రౌన్, గోల్డ్‌స్టీన్ ఇద్దరూ ఎండీలే. 2012లో కెమిస్ట్రీ నోబెల్ తీసుకున్న లెఫ్కోవిట్జ్ కూడా అంతే. రెండు డిగ్రీలూ ఉన్నవాళ్లలో ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల పనికి 2023లో నోబెల్ పొందిన డ్రూ వైస్‌మన్ ఉన్నారు. ఈ పేర్లన్నీ రాసుకుని చూస్తే తేలిందేమీ లేదు. నోబెల్ వచ్చినవాళ్లను చూసి మనం ఏ డిగ్రీ చేయాలో తేల్చుకోవడం, లాటరీ గెలిచినవాణ్ని చూసి ఇంటి ఖర్చు లెక్కేసుకోవడం లాంటిది.

థీసిస్ ముగించి అప్పుడే వార్డులకు తిరిగొచ్చిన ఒక సీనియర్ చెప్పినవి ఇంతకంటే పనికొచ్చాయి. తను ల్యాబ్‌లో ఉండగా తోటివాళ్లు డిగ్రీ పుచ్చుకుని రెసిడెంట్లయిపోయారు. ఇప్పుడు తను చూసొచ్చిన పేషెంట్ గురించి తన పాత రూమ్‌మేట్‌కే నిలబడి చెప్పాలి. స్టెతస్కోప్ పెట్టి గుండె చప్పుడు వింటే, ఇది మర్మరో (గుండెలో తేడాగా వినిపించే చప్పుడు) నా ఊహో తెలియడం లేదంది, నవ్వుతూనే. లైసెన్సు పరీక్షల గొడవ కూడా అప్పుడే తెలిసింది. డాక్టరీ లైసెన్సుకు రాసే యూఎస్‌ఎంఎల్‌ఈ పరీక్ష అన్ని మెట్లూ ఏడేళ్లలో ముగించాలని కొన్ని రాష్ట్రాల నియమం. ఈ జంట చదువువాళ్లకు చాలాచోట్ల మినహాయింపు ఉంది కానీ ముందే చూసుకోకపోతే ఎక్కడ స్థిరపడాలన్నది ఆ గడువే నిర్ణయిస్తుంది. "మరి ఎందుకు చేశావక్కా?" అంటే, "ల్యాబ్‌లో ఉంటే టైం చూసుకునేదాన్ని కాదు" అంది.

ఆ మాట అప్పటికి నా తలకెక్కలేదు.

అప్లికేషన్‌లో రెండు వ్యాసాలు అడిగారు. బయటివాళ్లు మెడికల్ స్కూళ్ల ఉమ్మడి అప్లికేషన్ అమ్‌కాస్‌లో రాసేవే. చేసిన పరిశోధన గురించి 10,000 అక్షరాలు, రెండు డిగ్రీలూ ఎందుకో 3,000 అక్షరాలు. పెద్దది రెండు రాత్రుల్లో అయిపోయింది. చిన్నది మూడు వారాలు రాశాను. ఎన్నిసార్లు రాసినా "రోగికీ ప్రయోగశాలకూ వారధి" దగ్గరే తేలుతోంది. ఆ వారధి మీద ఇప్పటికే బోలెడంత ట్రాఫిక్ ఉందని మా మెంటర్ ఎర్ర ఇంకుతో రాసిచ్చారు.

ఎండాకాలం సెలవుల్లో ఒక ల్యాబ్‌లో పది వారాల రొటేషన్ ఇచ్చారు. నా పని వెస్టర్న్ బ్లాట్. కణాల్లో మనకు కావలసిన ప్రొటీన్ ఉందా, ఎంతుందన్నది, దాన్ని పట్టుకునే యాంటీబాడీతో ఒక గీతలా చూపించే పరీక్ష. గీత చక్కగా వచ్చేది. మందు వేసిన కణాల్లో తగ్గాలి కదా, తగ్గేది కాదు. మందు మోతాదు మార్చాను, సమయం మార్చాను, కొత్త బఫర్లు కలిపాను. ఐదు వారాలు అలాగే గడిచాయి. చివరికి నాతో పనిచేసే పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ ముగించి ల్యాబ్‌లో పరిశోధన చేస్తున్నవాడు), అసలు ఆ జీన్‌నే తీసేసిన కణాలు తెచ్చి పరీక్షించమన్నాడు. ఆ ప్రొటీన్ తయారయ్యే దారే లేని కణాలవి. వాటిలోనూ అదే గీత, అంతే చిక్కగా! అంటే మా యాంటీబాడీ ఇన్నాళ్లూ పట్టుకుంటున్నది వేరే ఏదో ప్రొటీన్‌ని.

పోస్ట్‌డాక్ మొహం వెలిగిపోయింది. మరి అది పట్టుకుంటున్నది దేన్ని? ఇదే యాంటీబాడీతో వచ్చిన పాత ఫలితాల్లో ఎన్నింటిని మళ్లీ చూడాలి? బోర్డు దగ్గరికెళ్లి గీసేస్తున్నాడు. నేను పక్కనే నిలబడి ఐదు వారాలు పోయాయని వేళ్ల మీద లెక్కపెడుతున్నాను.

అదే రోజుల్లో ప్రతి గురువారం మధ్యాహ్నం క్లినిక్ ఉండేది. బీపీ చూడడం, మందుల జాబితా సరిచూడడం, డాక్టరమ్మ వెనక నిలబడడం, అంతే. ఒకాయన మూడు నెలలుగా బీపీ బిళ్ల సగమే వేసుకుంటున్నాడు. పూర్తి బిళ్ల వేసుకుంటే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయట. ఎవరూ అడగలేదు కాబట్టి ఆయనా చెప్పలేదు. అది కనుక్కోవడానికి నలభై నిమిషాలు పట్టింది, ఆ తర్వాత పేషెంట్లందరికీ ఆలస్యమైంది, నాకు చీవాట్లు పడ్డాయి. బయటికొచ్చేసరికి ఏడున్నర. ఆ రోజంతా నేను గడియారం చూడలేదని బస్సెక్కాక గుర్తొచ్చింది. దాంతోపాటే సీనియర్ మాట కూడా.

ల్యాబ్ పని నాకు చేతకాక కాదు. మిగిలిన ఐదు వారాల్లో కొత్త యాంటీబాడీతో సరైన ఫలితం వచ్చింది, ల్యాబ్ నడిపే పీఐ మంచి ఉత్తరం రాస్తానన్నారు. ఇంటర్వ్యూ కూడా బాగానే అయింది. సీటిచ్చారు.

తేల్చుకోడానికి రెండు వారాలు గడువిచ్చారు. వద్దనుకున్నాక కూడా నాలుగు రోజులు మెయిల్ డ్రాఫ్ట్‌లోనే పడుంది. వచ్చిన సీటు వదులుకోవడం మా ఇంటావంటా లేదు. పంపాక డైరెక్టర్ ఒక్క గంటలో జవాబిచ్చారు, తలుపు మూసుకుపోలేదంటూ. ఎన్‌ఐహెచ్‌లోనే ఉండి ఒక ఏడాది పరిశోధన చేసే మెడికల్ రీసెర్చ్ స్కాలర్స్ ప్రోగ్రామ్ గురించి రాశారు. యూసీఎల్‌ఏలో స్టార్ అని ఒకటుంది, అందులో రెసిడెన్సీ, ఫెలోషిప్ దశలోనే పీహెచ్‌డీ చేయొచ్చని కూడా రాశారు. మూడో ఏడాది వార్డులు ముగిశాక మొదటిదానికి అప్లై చేద్దామని పేరు రాసి పెట్టుకున్నాను. బిళ్ల సగం వేసుకునేవాళ్లు ఎందుకు చెప్పరన్నది ఇంకా బుర్రలో తిరుగుతోంది. దానికి జీన్ తీసేసిన కణాలు అక్కర్లేదు.

నాన్నకు చెప్పాల్సి వచ్చింది. కాసేపు ఫోన్లో చప్పుడు లేదు.

"మరి ఎల్లాప్రగడ సుబ్బారావు గారు? డాక్టరై ఉండీ హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేశాడా లేదా? చేశాడు కాబట్టే అన్ని మందులు వచ్చాయి."

నాన్న ఈ పేరు తీస్తాడని నాకు తెలుసు. ముందే చదివి పెట్టుకున్నాను.

"చేశారు నాన్నా, 1930లో. మద్రాసులో డాక్టరీ పూర్తి చేశాక."

"అయితే నీకింకా టైముందన్నమాట," అన్నాడు. చుట్టాలకు మాత్రం ఇంకా ఏమీ చెప్పినట్టు లేదు. మొన్న పెళ్లిలో ఒకావిడ నన్ను డబుల్ డాక్టరనే పరిచయం చేసింది.