మూతి వంకర

పోయిన డిసెంబర్‌లో ఒక పొద్దున పళ్లు తోముకుని పుక్కిలిస్తుంటే నీళ్లు ఎడమ పక్క నుంచి కారిపోయాయి. అద్దంలో చూస్తే మూతి కుడివైపుకి లాక్కుపోయి ఉంది. ఎడమ కన్ను మూసినా మూతపడటం లేదు. పక్షవాతమే అనుకున్నాను. నాకింకా ముప్ఫై ఒకటే.

బెంగళూరు మారతహళ్లిలో నా రూమ్మేట్ ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు కనుబొమలు పైకెత్తమన్నారు. కుడిది లేచింది, ఎడమది లేవలేదు. దానికి ఆయన హమ్మయ్య అన్నట్టు చూశారు! మెదడులో దెబ్బయితే మామూలుగా నుదురు కదులుతుందట. నుదురు కూడా పడిపోయిందంటే ముఖానికొచ్చే ఏడో నరం వాచినట్టు. బెల్స్ పాల్సీ. ముఖ నరాల గురించి 1821లో రాసిన చార్లెస్ బెల్ పేరే దానికి పెట్టారు. 72 గంటల్లోపు స్టెరాయిడ్ మొదలుపెట్టాలని మాత్రలు రాశారు. (బస్సు కిటికీ గాలి తగిలిందని అమ్మ ఇప్పటికీ అంటుంది.)

కంట్లో చుక్కలు, రాత్రి కంటికి టేపు. పప్పన్నం బుగ్గలో ఇరుక్కుంటే వేలితో తీసుకోవడం. ఇవన్నీ అలవాటయ్యాయి. అద్దమే వదల్లేదు. రోజుకి ఇరవైసార్లు చూసుకునేదాన్ని. ఆఫీసులో మాస్కు, మీటింగుల్లో కెమెరా ఆఫ్. అమ్మకి చెప్పలేదు, వీడియో కాల్ మానేశాను.

మూడో వారం ఆంధ్రా మెస్ అక్క గరిటె పట్టుకునే అడిగింది, "ఏం మేడం, కూర నచ్చట్లేదా? ఎప్పుడు చూసినా కోపంగా తింటున్నారు." టీమ్ లీడ్ అయితే హైక్ తక్కువిచ్చారని అలిగాననుకున్నాడట. అనంతపురం నుంచి అమ్మ ఫోన్: "నా మింద ఏం కోపమే నీకు? మొగం కూడా చూపియ్యవు." ఇరవైసార్లు అద్దం చూసినదాన్ని, నాకీ కోపిష్టి మనిషి ఒక్కసారీ కనపడలేదు. ఆ రాత్రే అమ్మకి వీడియో కాల్ చేశాను. ముందు ఏడ్చింది, తర్వాత తిట్టింది.

నెల తిరక్కముందే కనుబొమ కదిలింది. రెండున్నర నెలలకి డాక్టరు పూర్తిగా తగ్గిందన్నారు. నేను ఒప్పుకోలేదు, ఫోటోల్లో నవ్వు ఇంకా వంకరగానే ఉంది. రూమ్మేట్ విసుక్కుని, రెండేళ్ల కిందటి నంది హిల్స్ ఫోటో ముందు పెట్టింది. అప్పుడూ అంతే!

అద్దం ఎడమని కుడి చేసి చూపిస్తుంది. వీడియో కాల్‌లో కూడా మన బొమ్మ మనకి తిరగేసే కనపడుతుంది. 1977లో అమెరికాలో కొంతమంది అమ్మాయిల ఫోటోలతో ఒక పరీక్ష చేశారు. ఎక్కువమందికి అద్దంలోలా తిరగేసిన తమ ఫోటో నచ్చిందట, స్నేహితులకి మామూలుది. అందరూ చూసే నా నవ్వు నాకే కొత్త.

అమ్మనడిగితే, "పుట్టినప్పట్నించీ అట్లే నవ్వుతావు కదే" అని ఫోన్ గోడవైపు తిప్పింది. దండ వెనక నాన్న. అదే వంకర.