అలాస్కా క్రూజ్‌లో పోర్టుల్లో సొంతంగా తిరగడం: పెద్దవాళ్ళతో నా అనుభవం

మేం ఉండేది సియాటిల్ దగ్గర. కాకినాడ నుంచి మా అత్తయ్యగారు, మావయ్యగారు వచ్చినప్పుడు జూలై చివర్లో అందరం కలిసి వారం రోజుల అలాస్కా క్రూజ్‌కి వెళ్ళాం, జూనో, స్కాగ్వే, కెచికన్, చివర్లో కెనడాలో విక్టోరియా. షిప్ బుక్ చేయడం పెద్ద పనేం కాదు, అసలు పనంతా ఒక్కో పోర్టులో దిగాక ఏం చేస్తాం అన్నదే. షిప్ వాళ్ళు అమ్మే టూర్లు ఇంటిల్లిపాదికీ లెక్కేస్తే దాదాపు క్రూజ్ టికెట్ అంత అయ్యేలా ఉంది, పైగా అవన్నీ బస్సు నిండా జనంతో పరుగులే. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, మావయ్యగారు మాత్రం బాగా నడుస్తారు కానీ చలికి ఆగలేరు, పిల్లలు నడుస్తారు, చలికీ ఆగుతారు కానీ గంటకోసారి ఆకలంటారు. అందుకే మన ప్లాన్ మనమే వేసుకుందాం అన్నాను.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది వీసా. సియాటిల్ నుంచి బయల్దేరి మళ్ళీ సియాటిల్‌కే వచ్చే షిప్పులు మధ్యలో తప్పకుండా వేరే దేశం పోర్టు ఒకటి తాకాలి, 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది, ఈ పెద్ద షిప్పులన్నీ దాదాపు విదేశీ జెండావి కాబట్టి వాటికి అది తప్పదు. అందుకే విక్టోరియాలో రాత్రి పూట నాలుగు గంటలు ఆపుతారు. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద విజిటర్‌గా వచ్చినవాళ్ళకి దానికోసం కెనడా వీసా ఉండాల్సిందే, మేం షిప్ దిగం అన్నా ఒప్పుకోరు. అత్తయ్యగారి వాళ్ళకి అమెరికా వీసా రాగానే ఇండియాలోనే కెనడాకి కూడా అప్లై చేయించాం, వేలిముద్రలకి హైదరాబాద్ దాకా వెళ్ళొచ్చారు పాపం. డబ్బు కట్టే ముందే ఇది చూసుకోండి, ఇది లేకపోతే షిప్ ఎక్కనివ్వరు.

తర్వాత టైము. షిప్ జూనోలో మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 10 వరకు అని రాసి ఉంటే తొమ్మిది గంటలు దొరికాయి అనుకోకూడదు. తాళ్ళు కట్టి, గేటు తీసి, లైన్లో నిలబడి దిగేసరికి ముప్పావు గంట పోతుంది, బయల్దేరడానికి అరగంట ముందే అందరూ లోపల ఉండాలి. షిప్ వాళ్ళ టూర్ లేటయితే షిప్ ఆగుతుంది, మనం సొంతంగా వెళ్ళి లేటయితే ఆగదు. జూనో అలాస్కా రాజధానే అయినా బయటికి రోడ్డు లేదు, విమానమో పడవో తప్ప దారి లేదు. కాబట్టి నేను చివరి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వచ్చాను, ఎక్కాల్సిన టైముకి గంటన్నర ముందే డాక్ (షిప్ ఆగే రేవు) దగ్గర ఉండాలని రూలు పెట్టి మిగిలిన దాన్లోనే ఏం పడుతుందో చూశాను. మావయ్యగారు రోజూ ఒకటే అడిగేవారు, "ఏవమ్మా, ఓడ మనల్ని వదిలేసి వెళ్ళిపోదు కదా?" "లేదండీ, గంటన్నర చేతిలో ఉంది" అంటే అప్పుడు స్థిమితపడేవారు. ఇంకోటి, అలాస్కా టైము సియాటిల్ కంటే గంట వెనక, మా షిప్ గడియారం మార్చింది, కొన్ని షిప్పులు మార్చవట, మొదటి రాత్రే అడిగి తెలుసుకోండి. ఫోన్ చూపించే టైమూ షిప్ టైమూ వేరైతే మొత్తం ప్లాన్ తలకిందులవుతుంది.

ఏ డాక్‌లో ఆగుతుందో కూడా ముందే చూసుకోవాలి, చాలామంది ఇది పట్టించుకోరు. అలాస్కాలో షిప్పుల ఏజెన్సీ వాళ్ళు రోజువారీ షెడ్యూల్ నెట్‌లో పెడతారు, ఏ షిప్ ఏ బెర్త్‌లో, అంటే డాక్‌లో ఏ చోట ఆగుతుందో అందులో ఉంటుంది. జూనోలో ఒక డాక్ ఊరికి మైలు దూరం, మిగతావి బజారు మధ్యలోనే. కెచికన్‌లో కొన్ని షిప్పులు వార్డ్ కోవ్ అని ఊరికి ఏడు మైళ్ళ అవతల ఆగుతాయి, అక్కణ్ణుంచి బస్సులో తీసుకొస్తారు, ఆ టైము కూడా మన గంటల్లోంచే పోతుంది. ఆటుపోట్లు కూడా చూశాను, నవ్వకండి, అక్కడ సముద్రం ఒక్క పూటలోనే పదిహేను అడుగులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ లేచి దిగుతుంది. తేలే డాక్ అయితే నీళ్ళు దిగినప్పుడు ఒడ్డుకెక్కే ర్యాంప్ నిలువుగా తయారవుతుంది, మోకాళ్ళ నొప్పులున్న మనిషికి అదే పెద్ద పరీక్ష. నోవా (NOAA, అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ) వాళ్ళ టైడ్ టేబుల్స్, అంటే ఆటుపోట్ల టైములు, నెట్‌లో ఫ్రీగా ఉంటాయి, అవి చూసి అత్తయ్యగారిని ఎప్పుడు దింపాలో అనుకున్నాం. మావయ్యగారు కాకినాడ మనిషి, పోటూ పాటూ ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు, కెచికన్‌లో డాక్ స్తంభాల మీద తన తలకంటే ఎత్తున తడి మరక, దాని కింద గుత్తులుగా అంటుకున్న గవ్వల్లాంటివి చూసి "అమ్మో, ఇంత పోటా" అని అక్కడే నిలబడిపోయారు.

జూనోలో మెండెన్‌హాల్ గ్లేసియర్ (కొండల్లోంచి మెల్లగా జారే మంచు నది) తప్పకుండా చూడాలనుకున్నాం, ఊరికి ఒక 12 మైళ్ళు ఉంటుంది. సిటీ బస్సు చాలా చవక, కానీ అది గ్లేసియర్‌కి మైలున్నర ముందే దింపేస్తుంది, మిగతాది నడవాలి. మేమిద్దరమే అయితే అదే ఎక్కేవాళ్ళం, అత్తయ్యగారి కోసం విజిటర్ సెంటర్ దాకా వెళ్ళే షటిల్ ముందే బుక్ చేశాను, అక్కడికి మనుషుల్ని తీసుకెళ్ళడానికి ఫారెస్ట్ వాళ్ళ పర్మిట్ కావాలి కాబట్టి సీట్లు లిమిటెడ్‌గా ఉంటాయి, రద్దీ రోజున డాక్ దగ్గర అడిగితే దొరకడం కష్టం. నగ్గెట్ ఫాల్స్ దాకా దారి చదునుగానే ఉంటుంది, రానూపోనూ రెండు మైళ్ళు, మా ఆయన, మావయ్యగారు, పిల్లలు అటు వెళ్ళారు. నేనూ అత్తయ్యగారూ స్టీప్ క్రీక్ మీద కట్టిన చెక్క దారి మీద మెల్లగా నడిచాం, నిజం చెప్పాలంటే మాకే ఎక్కువ దక్కింది. జానెడు లోతు నీళ్ళల్లో గుడ్లు పెట్టడానికి సముద్రంలోంచి వచ్చి ఎర్రగా మారిన సాకై రకం సాల్మన్ చేపలు వీపు బయటికి కనపడేలా ఎదురీదుతున్నాయి, ఇంతలో పొదల్లోంచి ఒక నల్ల ఎలుగుబంటి వచ్చి, తాపీగా కాలవలో దిగి, ఒక చేపని నోటితో పట్టి, మేం నిలబడ్డ చెక్కల కిందనుంచే అటు పక్కకి పోయింది. ఎముక పటపటలాడిన చప్పుడు వినపడింది. అత్తయ్యగారు నా చెయ్యి గట్టిగా పట్టుకుని "ఇంక నాకు గ్లేసియర్ చూడకపోయినా పర్లేదమ్మా" అన్నారు. అక్కడ తిండి పదార్థాలు బయటికి తీయకూడదు, ఎలుగుబంట్ల వల్ల, పిల్లలకి షటిల్ ఎక్కే ముందే తినిపించేయండి. తిమింగలాలు కూడా చూడాలనుకునేవాళ్ళు ఆక్ బే నుంచి వెళ్ళే చిన్న లోకల్ బోట్లు చూసుకోండి, గ్లేసియర్‌తో కలిపి ఇచ్చేవాళ్ళున్నారు. ఒకే మధ్యాహ్నంలో రెండూ అంటే పెద్దవాళ్ళు అలిసిపోతారని మేం మానేశాం, ఆ నిర్ణయం మంచిదే అయింది.

స్కాగ్వేలో ప్లానింగ్ సులువు, పన్నెండొందల మంది ఉండే ఊరు, ఒకటే మెయిన్ వీధి. అక్కడ డబ్బు పెట్టాల్సింది వైట్ పాస్ రైలు మీదే. మనిషికి వంద డాలర్లు దాటుతుంది, అయినా కళ్ళు మూసుకుని కట్టండి. 1898లో బంగారం కోసం జనం కెనడాలోని క్లాండైక్ వైపు ఎగబడ్డప్పుడు మొదలుపెట్టి రెండేళ్ళలో పూర్తి చేసిన లైను, పట్టాల మధ్య మూడడుగులే ఉండే నేరో గేజ్, ఇరవై మైళ్ళలో దాదాపు 2,900 అడుగులు ఎక్కుతుంది. రైల్వే సైట్‌లోనే నేరుగా బుక్ చేశాను. ఎక్కేటప్పుడు ఎడమ వైపు కూర్చుంటే లోయ అంతా కనపడుతుంది, పైన సీట్లు తిప్పేసి అటువైపు వాళ్ళని ఇటు మారమంటారు కాబట్టి ఎవరికీ అన్యాయం జరగదు. డెడ్ హార్స్ గల్చ్ అని ఒక లోయ దగ్గర, ఆ రోజుల్లో బరువులు మోయలేక సుమారు 3,000 గుర్రాలు చచ్చిపోయాయని చెప్పారు, అప్పటిదాకా ఫోటోల్లో మునిగిపోయిన మా పెద్దాడు ఫోన్ పక్కన పెట్టేశాడు. సమ్మిట్ దాకా వెళ్ళొచ్చే ట్రిప్ మూడు గంటల లోపే, కెనడా సరిహద్దు తాకినా దిగనివ్వరు. మధ్యాహ్నం నేషనల్ పార్క్ వాళ్ళ విజిటర్ సెంటర్ చూశాం, అది ఫ్రీ, ఆ తర్వాత ఓపిక ఉన్నవాళ్ళం పాత శ్మశానం వెనకున్న రీడ్ ఫాల్స్ దాకా వెళ్ళొచ్చాం.

కెచికన్‌లో మాకు దొరికింది పొద్దుట పూట మాత్రమే. ఏడాదికి 150 అంగుళాల వాన పడే ఊరది, కాకినాడకి మూడింతలు. గొడుగు గాలికి నిలవదు, మంచి రెయిన్ జాకెట్టు, లోపల ఫ్లీస్, అంతే. మావయ్యగారు మంకీ క్యాప్ మీద జాకెట్టు హుడ్ వేసుకుని హాయిగా తిరిగారు. ఊళ్ళో తిరిగే ఫ్రీ బస్సు ఒకటుంది, అదెక్కి టోటెమ్ హెరిటేజ్ సెంటర్ (టోటెమ్‌లంటే అక్కడి మూలవాసులు బొమ్మలు చెక్కిన పొడుగాటి చెక్క స్తంభాలు) చూసి, అక్కణ్ణుంచి వాగు పక్కనే దిగువకి నడుచుకుంటూ, వాగు మీద గుంజలు పాతి కట్టిన పాత వీధి క్రీక్ స్ట్రీట్‌కి వచ్చాం. దారిలో ఫిష్ ల్యాడర్ (చేపలు ఎగువకి ఎక్కడానికి కట్టిన మెట్లు) దగ్గర సాల్మన్లు తెల్లటి నురగలో ఎగిరి, కింద పడి, మళ్ళీ ఎగురుతుంటే మా చిన్నది ప్రతి చేపకీ "కమాన్, కమాన్" అని అరుస్తూనే ఉంది. ఆ పొద్దుట పైసా ఖర్చయింది ఆ సెంటర్ టికెట్లకే.

విక్టోరియాలో షిప్ ఆగే ఆగ్డెన్ పాయింట్ నుంచి ఇన్నర్ హార్బర్ నడిస్తే అరగంట. పేరున్న పూలతోట బుచార్ట్ గార్డెన్స్ 20 కిలోమీటర్ల పైన ఉంది, ఉన్న కాసేపట్లో పెద్దవాళ్ళని అంత దూరం పరిగెత్తించడం ఇష్టం లేక టాక్సీలో హార్బర్‌కి వెళ్ళి, లైట్లు పెట్టిన అసెంబ్లీ బిల్డింగ్ చూసి వచ్చేశాం. అక్కడ ఫోన్ కెనడా రోమింగ్‌లోకి పోతుంది, షిప్‌లో ఉన్నంతసేపూ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనే పెట్టండి, సముద్రం మీద నెట్‌వర్క్ పట్టుకుంటే బిల్లు వాచిపోతుంది.

సొంతంగా బుక్ చేసేటప్పుడు షిప్ ఆ పోర్టుకి రాకపోతే డబ్బు వెనక్కిస్తారా అని మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి, గాలివానకి పోర్టు మానేయడం అక్కడ మామూలే. మే నెలలో వెళ్ళేవాళ్ళకి వాన తక్కువ, కొండల మీద మంచు ఎక్కువ, కానీ వాగుల్లో ఈ సాల్మన్లు ఉండవు, కాబట్టి స్టీప్ క్రీక్, ఫిష్ ల్యాడర్ మీద ఆశ పెట్టుకోకుండా కెచికన్‌లో శాక్స్‌మన్ టోటెమ్ పార్కుకి బస్సెక్కండి, జూనోలో నగ్గెట్ ఫాల్స్‌కే టైము ఎక్కువ ఉంచుకోండి.