సాయంత్రం నాలుగున్నరకి ఇచ్చిన రక్తం

రెండేళ్ల కిందట ఒక మార్చి నెల. సి షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ, దిగి ఇంటికొచ్చి, ఎనిమిదింటికి పడుకుని ఒంటిగంటకి లేచి, వంజరం పులుసుతో అన్నం తిని, సాయంత్రం నాలుగున్నరకి గాజువాకలో ఒక ల్యాబ్‌కి వెళ్లి టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ పరీక్షకి రక్తం ఇచ్చాను. డెసిలీటరుకి 241 నానోగ్రాములు వచ్చింది. పక్కన తక్కువ అని గుర్తు. రిపోర్టు పట్టుకుని దగ్గర్లోనే ఒక క్లినిక్‌కి వెళ్తే అక్కడాయన ఒక్క నిమిషం చూసి, మూడు వారాలకో ఇంజెక్షన్ చొప్పున ఆర్నెల్లు వేసుకోండి, మళ్లీ పాతికేళ్ల కుర్రాడైపోతారు అన్నాడు. నైట్ డ్యూటీ చేసొచ్చానా, తినొచ్చానా, నిద్ర ఎలా పడుతోంది, ఏ మందులు వాడుతున్నాను, ఇంకా పిల్లలు కావాలనుకుంటున్నానా, ఒక్క ప్రశ్న అడగలేదు.

నేను ఆ ఇంజెక్షన్ వేయించుకోలేదు. ఎందుకు వేయించుకోలేదో తర్వాత చెప్తాను. ఇప్పుడు ఇదంతా రాయటానికి కారణం మా బావమరిది.

వాడికి ఇరవై తొమ్మిదేళ్లు. మధురవాడలో ఉంటాడు, ఐటీ ఉద్యోగం, పెళ్లయి మూడేళ్లు. పోయిన అక్టోబర్‌లో రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "బావా, రేపు ఒకసారి బీచ్ దగ్గరికి రాగలరా, ఇంట్లో మాట్లాడలేను" అన్నాడు. వెళ్లాను. పిల్లల కోసమని ఇద్దరూ పరీక్షలు చేయించుకున్నారట. వీర్యం పరీక్షలో కణాలు సున్నా. ఆ కాగితం నా చేతిలో పెట్టి సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను అడిగిన మొదటి ప్రశ్న, ఏమైనా ఇంజెక్షన్లు తీసుకున్నావా అని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు, ఏడు నెలలుగా వారానికొకటి, జిమ్‌లో ట్రైనర్ ఇచ్చినవి. నీరసంగా ఉంటోందంటే టెస్టోస్టిరాన్ తక్కువుంటుంది, ఇది వేస్తే కండా వస్తుంది ఓపికా వస్తుంది అన్నాడట. పరీక్ష కూడా చేయించలేదు.

వాడు నన్ను అడిగింది ఒకటే. "మగ హార్మోనే కదా బావా, అది ఎక్కించుకుంటే పిల్లలు పుట్టటం ఇంకా తేలికవ్వాలి కదా?"

చదువుకున్నవాళ్లలో కూడా నూటికి తొంభైమంది ఇలాగే అనుకుంటారని నాకు అనిపిస్తుంది, నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ప్లాంటులో పని చేసే నాకు ఇది కంట్రోల్ రూమ్ లెక్కలో బాగా అర్థమైంది. మెదడులో హైపోథాలమస్ అని ఒక చోటు ఉంటుంది. అక్కణ్ణించి కింద ఉన్న పిట్యూటరీ గ్రంథికి కబురు వెళ్తుంది. పిట్యూటరీ ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అని రెండు హార్మోన్లు వదులుతుంది. ఎల్‌హెచ్ వెళ్లి వృషణాల్లో టెస్టోస్టిరాన్ తయారు చేయిస్తుంది, ఎఫ్‌ఎస్‌హెచ్ వీర్యకణాల పని చూస్తుంది. రక్తంలో టెస్టోస్టిరాన్ సరిపడా ఉంటే మెదడు కబుర్లు తగ్గించేస్తుంది. ఇప్పుడు బయటినుంచి ఇంజెక్షన్ పడిందనుకోండి, సరుకు నిండుగా ఉంది యూనిట్ ఆపేయమని మెదడు ఆర్డర్ ఇచ్చేస్తుంది. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ రెండూ పడిపోతాయి. వీర్యకణాలు తయారవ్వాలంటే వృషణాల లోపల టెస్టోస్టిరాన్ రక్తంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువుండాలి, లోపల తయారీ ఆగిపోయాక రక్తంలో ఎంత ఉన్నా అక్కడికి చాలదు. వృషణాలు కొంచెం చిన్నవి కూడా అవుతాయి.

1990లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్‌ని మగవాళ్లకి గర్భనిరోధకంగా పరీక్షించింది. అంటే పిల్లలు పుట్టకుండా ఉండటానికి. చాలామందిలో పని చేసింది కూడా. అదే మందుని పిల్లలు కావాలనుకునే కుర్రాళ్లకి ఓపిక కోసమని చేతిలో పెడుతున్నారు, ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. ఇంజెక్షన్లు ఆపేస్తే ఎక్కువమందికి తిరిగొస్తుంది, ఆ మాట కూడా చెప్పాలి. ఆ గర్భనిరోధక అధ్యయనాలన్నీ కలిపి చూస్తే మూడింట రెండు వంతుల మందికి ఆర్నెల్లలో, పదిమందిలో తొమ్మిదిమందికి ఏడాదిలో కణాల సంఖ్య మంచి స్థాయికి వచ్చింది, మిగతావాళ్లకి రెండేళ్ల దాకా పట్టింది. కానీ అవి లెక్కగా, ఒక మోతాదులో ఇచ్చిన ఇంజెక్షన్లు. జిమ్‌లో దొరికే సీసాలో ఏముందో, ఎన్ని మందులు కలిపారో ఎవరికి తెలుసు.

ఇక నా సంగతి.

నాకప్పుడు నలభై మూడు. ఏడాదిగా సాయంత్రమయ్యేసరికి ఒళ్లు గోనెసంచిలా అయిపోయేది. పిల్లల మీద ఊరికే కసురుకునేవాణ్ణి. మా ఆవిడ పక్కన కూర్చుంటే ఫోన్ తీసి చూసుకునేవాణ్ణి, కోరిక లేదని చెప్పటం కన్నా పని ఉన్నట్టు కనిపించటం తేలిక. పొద్దున్న లేవగానే మగవాడి ఒంట్లో సహజంగా ఉండేది కూడా చాలా రోజులుగా లేదు. ఎవరికీ చెప్పలేదు. గోడల మీద ప్రకటనలు చూస్తుంటాం కదా, నరాల బలహీనత, గ్యారంటీ చికిత్స, ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో అని, ఒకరోజు కాంప్లెక్స్ దగ్గర బస్సు కోసం నిలబడి ఆ నంబరు ఫోన్‌లో ఎక్కించుకున్నాను కూడా. సిగ్గు మనిషిని అక్కడిదాకా తీసుకెళ్తుంది. చివరికి ఆ నంబరుకి చెయ్యకుండా ల్యాబ్‌కి వెళ్లాను, ఆ 241 వచ్చింది, ఇంజెక్షన్ చీటీ పట్టుకుని ఇంటికొస్తే మా ఆవిడ జేబులో చూసేసింది. ఆ రాత్రి మొత్తం చెప్పాను. ఆవిడ అన్నది ఇంతే: "హార్మోన్ల డాక్టర్ దగ్గరికి వెళ్దామండీ, నేనూ వస్తాను. ఈ చీటీ నాకివ్వండి."

హార్మోన్ల డాక్టరంటే ఎండోక్రైనాలజిస్ట్. డబ్బు గురించి ఆలోచించేవాళ్లకి చెప్తున్నాను, విశాఖలో ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో కూడా ఎండోక్రైనాలజీ విభాగం ఉంది.

ఆ డాక్టర్ గారు రిపోర్టు పక్కన పెట్టేసి, రక్తం ఎన్నింటికి ఇచ్చారు అని అడిగారు. నాలుగున్నర అన్నాను. అన్నం తిన్నారా? తిన్నాను. ముందు రోజు రాత్రి? డ్యూటీ. "ఈ అంకె మీద నేను ఏ నిర్ణయమూ తీసుకోను" అన్నారు. టెస్టోస్టిరాన్ రోజంతా ఒకేలా ఉండదు. రాత్రి నిద్రలో పెరుగుతూ తెల్లవారేసరికి శిఖరానికి చేరి, సాయంత్రానికి దిగిపోతుంది. భోజనం చేస్తే కూడా తగ్గుతుంది. అందుకే పొద్దున ఏడు నుంచి పదిలోపు, పరగడుపున, రాత్రి సరిగ్గా నిద్రపోయాక ఇవ్వాలి. అదీ ఒక్కసారి కాదు, వేరే రోజు మళ్లీ ఇవ్వాలి. రెండుసార్లూ తక్కువ వస్తేనే, లక్షణాలు కూడా ఉంటేనే లోపం అంటారు. జ్వరమో పెద్ద జబ్బో ఉన్నప్పుడు చేయిస్తే ఉత్తుత్తినే తక్కువ వస్తుంది. జుట్టు కోసమని బయోటిన్ మాత్రలు వేసుకునేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి, కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో అది అంకెని తప్పుగా చూపిస్తుంది.

ఎంత ఉంటే తక్కువ అన్నది అందరూ ఒకే మాట చెప్పరు. అమెరికా యూరాలజీ సంఘం 2018 మార్గదర్శకాల్లో డెసిలీటరుకి 300 నానోగ్రాములు గీత. ఎండోక్రైన్ సొసైటీ అదే ఏడు 264 అంది. పైగా రక్తంలో ఉండే టెస్టోస్టిరాన్‌లో చాలా భాగం ఎస్‌హెచ్‌బీజీ, ఆల్బుమిన్ అనే ప్రోటీన్లకి అంటుకుని ఉంటుంది, విడిగా తిరిగేది రెండు శాతం దగ్గర. పొట్ట ఉన్నవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో ఆ ఎస్‌హెచ్‌బీజీ తగ్గిపోతుంది కాబట్టి మొత్తం అంకె తక్కువ కనిపించినా విడిగా ఉన్నది సరిపడా ఉండొచ్చు. నాకైతే రక్తం ఇచ్చే వేళ మార్చగానే మొత్తం అంకే మారిపోయింది. జనరల్ షిఫ్ట్ వారంలో, పొద్దున ఎనిమిదింటికి, కాఫీ కూడా తాగకుండా ఇస్తే 338 వచ్చింది, పది రోజుల తర్వాత 352. అదే మనిషి, అదే నెల.

మరి నీరసం? అది అబద్ధం కాదు కదా. దాని కోసం థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12, మూడు నెలల షుగర్ సగటు అన్నీ చూశారు. షుగర్ సగటు 6.2, అంటే షుగర్ గుమ్మం దగ్గర ఉన్నాను. బరువు 94 కిలోలు, నడుం చుట్టుకొలత 108 సెంటీమీటర్లు, మన దేశపు మగవాళ్లకి 90 దాటకూడదంటారు. అప్పుడు డాక్టర్ గారు నన్ను వదిలేసి మా ఆవిణ్ణి అడిగారు, రాత్రి గురక పెడతారా అని. ఆవిడ ఏళ్ల తరబడి దాచుకున్నదంతా చెప్పింది. గురక మధ్యలో ఊపిరి ఆగిపోతుందని, భయంతో భుజం తట్టి లేపుతుందని. ఆ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. నిద్ర పరీక్ష చేస్తే గంటకి 34 సార్లు ఊపిరి ఆగటమో తగ్గటమో జరుగుతోంది. 30 దాటితే తీవ్రమైన స్లీప్ ఆప్నియా.

నిద్ర ఎంత పని చేస్తుందో చెప్పే అధ్యయనం ఒకటుంది, షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు 2011లో ప్రచురించారు. ఆరోగ్యంగా ఉన్న పదిమంది కుర్రాళ్లని వారం రోజులకి పైగా రాత్రికి ఐదు గంటలే పడుకోనిచ్చారు. పగటిపూట టెస్టోస్టిరాన్ 10 నుంచి 15 శాతం పడిపోయింది. చిన్న అధ్యయనమే, కానీ మా షిఫ్టుల బతుకులు ఏళ్ల తరబడి అలాగే కదా. ఇక పొట్ట కొవ్వు టెస్టోస్టిరాన్‌ని కొంత ఈస్ట్రోజన్‌గా మార్చేస్తుంది, మెదడు నుంచి వచ్చే కబుర్లని కూడా మందగింపజేస్తుంది. టెస్టోస్టిరాన్ తగ్గితే కొవ్వు పెరుగుతుంది, కొవ్వు పెరిగితే టెస్టోస్టిరాన్ తగ్గుతుంది, ఎక్కడో ఒకచోట ఈ చక్రాన్ని ఆపాలి.

నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్కులోంచి గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ మెషిన్ పెట్టారు. నాలుగు రాత్రుల్లో పొద్దున్న తలనొప్పి పోయింది, పగలు కునుకు పోయింది. అయితే ఆ మెషిన్ ఒక్కటే టెస్టోస్టిరాన్‌ని పెంచుతుందని అధ్యయనాలు చెప్పటం లేదు, పెంచేది బరువు తగ్గటం. కాబట్టి రాత్రి అన్నం సగం చేశాను, డ్యూటీ మధ్యలో బజ్జీలూ పునుగులూ మానేశాను, వారానికి మూడు రోజులు బరువులు ఎత్తటం, మిగతా రోజులు నడక. సెలవు రోజుల్లో పొద్దున్నే ఆర్కే బీచ్ రోడ్డు మీద మా ఆవిడతో నడుస్తాను. పద్నాలుగు నెలల్లో 11 కిలోలు తగ్గాను. పోయినేడాది వేసవిలో అదే ల్యాబ్‌లో పొద్దున ఎనిమిదింటికి ఇస్తే 447. పొద్దున్న ఉండాల్సినది కూడా తిరిగొచ్చింది. ఒక్క ఇంజెక్షన్ లేకుండా.

అందరికీ ఇలాగే అవుతుందని నేననటం లేదు, అంటే అది మోసమవుతుంది. నాతో పని చేసే ఒకాయన సంగతి వేరు. ఆయనకి గడ్డం గీసుకోవటం వారానికొకసారికి వచ్చేసింది, ఛాతీ కొంచెం ఉబ్బింది, తరచూ తలనొప్పి. పొద్దున రెండుసార్లు చేస్తే రెండుసార్లూ వంద లోపే. ఎల్‌హెచ్ కూడా తక్కువ, పిట్యూటరీయే వదిలే ప్రొలాక్టిన్ అనే ఇంకో హార్మోన్ మాత్రం చాలా ఎక్కువ. ఎంఆర్ఐ తీస్తే పిట్యూటరీలో చిన్న గడ్డ, క్యాన్సర్ కాదు. క్యాబర్గోలిన్ మాత్రలతో గడ్డ కుంచించుకుపోయింది, టెస్టోస్టిరాన్ తనంతట తనే లేచింది. ఆయనకి ఎవరైనా కారణం వెతక్కుండా ఇంజెక్షన్ పొడిచి ఉంటే గడ్డ లోపల పెరుగుతూనే ఉండేది. అందుకే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ చూడాలి. ఎల్‌హెచ్ ఎక్కువుండి టెస్టోస్టిరాన్ తక్కువుంటే తేడా వృషణాల్లో ఉన్నట్టు: గవదబిళ్లలు అక్కడికి దిగినా, కీమో తీసుకున్నా, ఎక్స్ క్రోమోజోమ్ ఒకటి ఎక్కువుండే క్లైన్‌ఫెల్టర్ ఉన్నా అలా అవుతుంది. రెండూ తక్కువుంటే తేడా పైన, మెదడు దగ్గర.

నిజంగా లోపం తేలినవాళ్లు మందు వాడటానికి సిగ్గుపడక్కర్లేదు. షుగర్‌కి ఇన్సులిన్ ఎలాగో ఇదీ అలాగే. జెల్ ఉంది, రెండు మూడు వారాల ఇంజెక్షన్ ఉంది, మూడు నెలల దగ్గర వేసేది ఉంది. గుండెకి ముప్పని చాలా ఏళ్లు భయపడ్డారు. 2023లో ట్రావర్స్ అనే పెద్ద ట్రయల్ ఫలితాలు వచ్చాయి. గుండె జబ్బు ఉన్న, లేదా ముప్పు ఎక్కువున్న 5,200 మంది మగవాళ్లలో సగం మందికి జెల్, సగం మందికి మందు లేని జెల్ ఇచ్చారు. గుండెపోటు, పక్షవాతం జెల్ వాడినవాళ్లలో ఎక్కువ కాలేదు. కానీ గుండె లయ తప్పటం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టటం కొంచెం ఎక్కువ కనిపించాయి. మందు వాడేటప్పుడు రక్తం చిక్కబడుతుంది, రక్తంలో ఎర్రకణాల వాటా, అంటే హెమటోక్రిట్, 54 శాతం దాటితే ఆపాలి. ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే పీఎస్ఏ రక్తపరీక్ష చూసుకుంటూ ఉండాలి. వైద్యం చేయని స్లీప్ ఆప్నియా ఉంటే ముందు దాని సంగతి చూడాలి, అంటే నాకు ఆ రోజు క్లినిక్‌లో ఇంజెక్షన్ పడి ఉంటే ఏమయ్యేదో. పిల్లలు కావాలనుకునేవాళ్లకి టెస్టోస్టిరాన్ ఇవ్వకూడదు, వాళ్లకి వేరే మందులున్నాయి.

ఇంకో మాట, అంగం గట్టిపడకపోతే అది ప్రతిసారీ హార్మోన్ లోపం కాదు, ఎక్కువసార్లు రక్తనాళాల సంగతి. అక్కడి నాళాలు గుండె నాళాల కన్నా సన్నం, అందుకని పూడిక ముందు అక్కడ తెలుస్తుంది. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి.

మా బావమరిది ఇంజెక్షన్లు అక్టోబర్‌లోనే ఆపేశాడు. మొదటి రెండు నెలలు నరకం చూశాడు, ఒంట్లో సొంత సరుకు లేదు, బయటి సరుకు ఆగింది, ఏడ్చేవాడు. డాక్టర్ గారు ఎల్‌హెచ్‌లా పని చేసి వృషణాల్ని మళ్లీ లేపే హెచ్‌సీజీ మొదలుపెట్టారు. వాడి భార్యకి కూడా అన్నీ చెప్పించాను, నేనూ మా ఆవిడా పక్కన కూర్చుని. ఆ పిల్ల కోప్పడింది, రెండు రోజులు మాట్లాడలేదు, తర్వాత మందుల టైమ్‌లన్నీ తన ఫోన్‌లో పెట్టుకుంది. ఫిబ్రవరిలో పరీక్ష మళ్లీ సున్నా. ఒక వీర్యకణం తయారవటానికే 74 రోజుల దాకా పడుతుంది, ఓపిక పట్టమన్నారు. మే నెలలో మిల్లీలీటరుకి 40 లక్షలు కనిపించాయి. 160 లక్షలు దాటాలి. ఆగస్టు రెండో వారంలో మళ్లీ శాంపిల్ ఇవ్వాలి, నన్ను కూడా రమ్మన్నాడు, ఆ రోజుకి సెలవు పెట్టాను.