ఫీజెంత బిడ్డా?

"ఫీజెంత తీస్కుంటవు బిడ్డా?" తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు చూసి లా చదువుతున్న నన్నే వకీలనుకుంది అవ్వ. నల్లగొండ కోర్టు ఆవరణ. చేతిలో బట్టల షాపు కవరు, అందులో పాస్‌బుక్కు, మడతల దగ్గర చిరిగితే టేపు అంటించిన పహాణీ నకలు.

ఉచితంగా వకీలును పెడతారవ్వా అంటే నమ్మలేదు. 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం, సెక్షన్ 12: ఆడవాళ్లకైతే ఆదాయంతో పని లేదు. పరీక్షలో గడగడా రాసిందే. అవ్వకు అర్థమయ్యేలా చెప్పడానికి మాత్రం చెమటలు పట్టాయి.

"ఉత్తగ వచ్చే వకీలు గట్టిగ మాట్లాడ్తడా మరి?"

మూట్ కోర్టులో, అంటే కాలేజీలో మేం వాదన నేర్చుకునే ఉత్తుత్తి కోర్టులో, ఏ జడ్జీ ఇంత సూటిగా అడగలేదు!

బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం మూడేళ్ల లా కోర్సుకు కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సుకు 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. కొందరికి అది తెలిసిన వకీలు లెటర్‌హెడ్ మీద ఒక్క సంతకంతో అయిపోతుంది. కోర్టు మెట్లెక్కే పనే లేదు. వాళ్ల మీద కోపం కంటే, ఇలాంటి అవ్వలు వాళ్లకు తగలరే అని జాలేసింది.

న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసులో దరఖాస్తు నింపి, అవ్వతో వేలిముద్ర వేయించాం. మీ ఊళ్లో ఎవరికైనా అవసరముంటే ఉచిత న్యాయ సహాయం నంబరు 15100కు ఫోన్ చేయమనండి.