ఒహాయో, 1970

ఆదివారం. బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ పాత రాక్ పాటలు పెట్టుకున్నాను. వరసలో క్రాస్బీ, స్టిల్స్, నాష్ అండ్ యంగ్ బ్యాండ్ పాట ‘ఒహాయో’ వచ్చింది. ఇస్త్రీ పెట్టె ఆపేసి కూర్చున్నాను. ఎన్నేళ్లుగా వింటున్నా ఈ పాట వస్తే ఇంకో పని మీదికి మనసు పోదు.

1970 ఏప్రిల్ 30 రాత్రి అమెరికా అధ్యక్షుడు నిక్సన్ టీవీలో కనిపించి, కంబోడియాలోకి సైన్యాన్ని పంపుతున్నానన్నాడు. వియత్నాం యుద్ధం ఇక ముగుస్తుందనుకున్న కుర్రకారు భగ్గుమన్నారు. ఒహాయో రాష్ట్రంలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీలో నిరసనలు మొదలయ్యాయి, అక్కడికి నేషనల్ గార్డ్‌ని, అంటే రాష్ట్రం పిలిపించే సైనిక దళాన్ని, దింపారు. మే 4న ఆ గార్డ్ సైనికులు విద్యార్థుల మీద కాల్పులు జరిపారు. 13 సెకన్లలో 67 తూటాలు. నలుగురు విద్యార్థులు చనిపోయారు, తొమ్మిదిమంది గాయపడ్డారు. చనిపోయినవాళ్లలో ఒకమ్మాయికి ఆ నిరసనతో సంబంధమే లేదు. క్లాసుకి నడిచి వెళ్తోంది, అంతే.

లైఫ్ పత్రికలో ఆ ఫొటోలు చూసి బ్యాండ్‌లోని నీల్ యంగ్ గిటార్ తీసుకుని పాట రాసేశాడు. పత్రిక అతని చేతికిచ్చింది పక్కనే ఉన్న డేవిడ్ క్రాస్బీ, అదే బ్యాండ్ సభ్యుడు. మే 21న లాస్ ఏంజెలెస్ స్టూడియోలో బ్యాండ్ నలుగురూ కలిసి, విడివిడిగా ట్రాకులు తీయకుండా, ఒకేసారి పాడుతూ వాయిస్తూ రికార్డు చేశారు. వాళ్లదే ఇంకో పాట, ‘టీచ్ యువర్ చిల్డ్రన్’, అప్పుడే రేడియోలో పైకొస్తోంది. దానికి దెబ్బ అని తెలిసీ జూన్‌లో దీన్ని విడుదల చేశారు. నిక్సన్ పేరు మొదటి లైన్లోనే ఉంది! కొన్ని రేడియో స్టేషన్లు వేయనన్నాయి.

పాటలో సంగతులు ఎక్కువ ఉండవు. నలుగురు చనిపోయారన్న ఒక్క మాటే మళ్లీ మళ్లీ వస్తుంది. నాకు అదే నచ్చుతుంది. అంత కోపంలో ఉన్నవాడు వివరాలు చెప్పుకుంటూ కూర్చోడు. చివర్లో గిటార్ల వెనకాల క్రాస్బీ గొంతు చిరిగిపోయేలా ‘ఎందుకు? ఇంకా ఎంతమంది?’ అని అరుస్తాడు. రికార్డింగ్ అయ్యాక ఏడ్చేశాడట. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చివరి అరనిమిషం వినండి, ఆ గొంతు తెలుస్తుంది.

మే 15న మిసిసిపీలోని జాక్సన్ స్టేట్ కాలేజీలో పోలీసులు కాల్చి ఇద్దరు నల్లజాతి కుర్రాళ్లని చంపేశారు. ఒకడు ఇంకా హైస్కూల్ పిల్లాడు, 17 ఏళ్లు. పాట రికార్డయ్యేసరికి అది జరిగి ఆరు రోజులు. పాటలో వాళ్ల ఊసు లేదు. ఆ ‘ఇంకా ఎంతమంది’ అన్న కేక మాత్రం వాళ్లకీ చెందుతుందని నేను గట్టిగా నమ్ముతాను.