కాళ్లకు తాళ్లు కట్టుకొని ఎగిరినవాళ్లు

స్పెయిన్ చిత్రకారుడు ఫ్రాన్సిస్కో గోయా చేసిన ‘ఎగిరే ఒక పద్ధతి’ అనే చిత్రం నకలు అమలాపురంలోని మా ఇంటి వసారాలో వేలాడుతోంది. రాగిరేకు మీద పూత పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ముంచి అచ్చు తీసే పద్ధతిలో ఆయన ముసలితనంలో చేసిన చిత్రాల వరుసలోనిది అది. ఆయన 1828లో మరణించగా, ఆ వరుస 1864లో గాని వెలువడలేదు.

నల్లని ఆకాశంలో ఐదుగురు మనుషులు గబ్బిలపు రెక్కలు కట్టుకొని, తలకు పక్షిముక్కు టోపీలు తొడుక్కొని ఎగురుతుంటారు. దగ్గరికెళ్లి చూస్తే, రెక్కలను ఆడించే తాళ్లు వాళ్ల చేతుల్లోకీ పాదాల దగ్గరికీ వచ్చి చేరతాయి. 1783లోనే పారిస్‌లో గడ్డి, ఉన్ని మండించిన వేడిగాలి బెలూన్ ఇద్దరిని పైకి తీసుకుపోయింది. అయినా గోయా మనుషులు నిప్పును కాక కండను నమ్ముకున్నారు.

మొన్న కొబ్బరికాయలు తీయడానికి వచ్చిన దింపు కార్మికుడు, కాళ్లకు వేసుకునే తాడును భుజాన వేసుకొని, ఆ బొమ్మను చాలాసేపు చూసి, “రెండు చేతులూ తాళ్లకే పోతే ఇంక పట్టుకోడానికేముందండీ మాస్టారూ?” అన్నాడు. నాకా సందేహం ఎన్నడూ రాలేదు. నేను చెట్టెక్కినవాణ్ణి కాను.

కిందటి నెల మధురపూడి నుంచి హైదరాబాదుకు విమానంలో వెళ్లినప్పుడు నా చేతులు చేసిన పనల్లా నడుముకు బెల్టు బిగించడమే. ఒక కిలో విమాన ఇంధనం మండితే, అందులోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతుందన్న సంగతి ఆ కుర్చీలో కూర్చున్నవాడి పిక్కలకు తెలియదు. గోయా మనుషుల పిక్కలకైతే ఎగురుడు ఖరీదు రెక్క ఆడించినప్పుడల్లా తెలిసేది.

ఆ వాయువు భూమిని వేడెక్కించి సముద్రమట్టాన్ని పెంచుతున్నదని మన తీరం కోతనంతా విమానాల మీదికి నెట్టడం అన్యాయమే. ఎగువ ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోవడంతో డెల్టాకు రావలసిన మట్టి తగ్గింది. పైగా ప్రపంచంలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో విమానాల వాటా సుమారు 2.5 శాతమే. అయితే ఆ కొద్ది శాతాన్ని మండించేది కూడా కొద్దిమందే. పెరుగుతున్న సముద్రమట్టం ముందుగా తగిలేది ఉప్పాడ వంటి ఊళ్లకు; అక్కడ అలలకు ఇళ్లు పోగొట్టుకున్న మత్స్యకారుల్లో విమానం ఎక్కినవారు ఎందరుంటారు?

వచ్చే నెల ప్రయాణానికి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో టికెట్టు తీశాను. దొరికింది పై బెర్తు; ఈ వయసులో దాన్ని ఎక్కాలంటే చేతులూ కాళ్లూ రెండూ కావాలి.